అద్దంలో మోచెయ్యి

విశాఖలో బండి మీద వెళ్ళే మనం వెనక్కి చూసేది కళ్ళతో కాదు, చెవులతో. బస్సు వస్తుంటే మోత తెలుస్తుంది, ఆటో అయితే దాని గోల దానిది, బండివాడైతే హారన్ కొడతాడు, ఏ చప్పుడూ లేకపోతే వెనక ఎవరూ లేనట్టే, హాయిగా కట్ కొట్టేయొచ్చు. గాజువాక నుంచి మధురవాడ దాకా ట్రాఫిక్ మొత్తం ఈ రాయని ఒప్పందం మీదే నడుస్తోంది: ముందున్నవాడు ముందుకే చూస్తాడు, వాడి వీపు సంగతి వెనకవాడు చూసుకోవాలి. అందుకే మనకి అద్దం అంటే సిగ్నల్ దగ్గర తల దువ్వుకోడానికీ, పాల ప్యాకెట్ల కవరు తగిలించుకోడానికీ, నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకోడానికీ పనికొచ్చే వస్తువు.

ఆ ఒప్పందం ఇప్పుడు చెల్లదు అన్నది నా వాదన. బండికి అద్దం ఉండటం చాలదు, అందులో రోడ్డు కనిపించాలి. చాలా బళ్ళకి కంపెనీ ఇచ్చిన అద్దంలో, కాస్త ఒళ్ళున్న మనిషికి, రోడ్డు కనిపించదు. దీనికి కొన్ని వందల రూపాయల్లో దొరికే, అద్దాన్ని బయటికో పైకో జరిపే మిర్రర్ ఎక్స్‌టెన్షన్ అనే లోహపు ముక్క మంచి మందు. హెల్మెట్ మీద వేల రూపాయలు పెట్టేవాళ్ళూ, ఫాగ్ లైట్ల మీద పది వేలు తగలేసేవాళ్ళూ దీన్ని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ముందు చెవుల సంగతి. ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుని యాభై అరవై మీద వెళ్తుంటే వినిపించేది గాలి హోరే, సాయంత్రం పూట బీచ్ రోడ్డులో సముద్రం గాలి కూడా తోడైతే వెనకవాడు గొంతు చించుకున్నా మనకి చేరదు. దానికి తోడు కరెంటు బళ్ళు వచ్చాయి. స్కూటర్లు, ఆటోలు, ఇప్పుడు ఆర్కే బీచ్ దగ్గర తిరిగే డబుల్ డెక్కర్ బస్సు కూడా కరెంటుదే. మొన్న వెంకోజీపాలెం దాటాక ఎడమకి తీద్దామని చూస్తే నా వెనక చక్రానికి కాస్త వెనగ్గా, జానెడు పక్కన ఒక కరెంటు స్కూటరు, దాని మీద ఒక పెద్దావిడ, కాళ్ళ దగ్గర కూరగాయల సంచి, ఆవిడ పాటికి ఆవిడ ప్రశాంతంగా వెళ్ళిపోతోంది. చప్పుడు లేదు, హారన్ లేదు. ఆవిడ తప్పేమీ లేదు కూడా, తన దారిన తను నేరుగా పోతోంది. ఆవిడ అక్కడుందని నాకు చెప్పింది ఎడమ అద్దం ఒక్కటే, అదీ నేను దాన్ని బయటికి జరిపించుకున్నాను కాబట్టి.

ఇప్పుడు మోచెయ్యి సంగతి. బండి స్టాండు తీసి, మీద కూర్చుని, రోడ్డు మీద చేతులు ఎలా పెడతారో అలాగే పెట్టండి. జాకెట్ వేసుకునే అలవాటుంటే అదీ వేసుకోండి. కుడి అద్దంలో చూడండి. లోపలివైపు మూడో వంతు, కొన్ని బళ్ళ మీద దాదాపు సగం, మీ మోచెయ్యీ భుజమే. ఉన్నదే అరచేతంత అద్దం, అందులో సగం మన చొక్కా చూసుకోడానికే పోతే ఇక లారీ ఎక్కడ పట్టాలి? కంపెనీవాళ్ళు అన్ని సైజుల మనుషులకీ ఒకటే రాడ్ ఇస్తారు. పైగా ఈమధ్య అద్దాన్ని కూడా ట్యాంకులాగా, హెడ్‌లైటులాగా అందానికి గీస్తున్నారు, సన్నగా, కోసుగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, చూసుకోడానికే ఉండదు. షోరూంలో మైలేజీ అడుగుతాం, డిస్కౌంటు అడుగుతాం, ఎక్స్‌ట్రా ఫిట్టింగులు అడుగుతాం, ఒకసారి ఎక్కి కూర్చుని అద్దంలో ఏం కనిపిస్తోందో చూసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మోచెయ్యి అడ్డొస్తుంటే అందరూ చేసే పని అద్దాన్ని బయటికి తిప్పడం. దీనివల్ల పని జరిగినట్టు అనిపిస్తుంది, మోచెయ్యి మాయమవుతుంది, కానీ దాంతో పాటు సరిగ్గా మన వెనకున్న రోడ్డు కూడా మాయమవుతుంది. అద్దాన్ని ఒక డిగ్రీ తిప్పితే అందులో కనిపించే దృశ్యం రెండు డిగ్రీలు తిరుగుతుంది, వెలుతురు పడి తిరిగొచ్చే లెక్క అది. కాబట్టి మీరు కొంచెం తిప్పాననుకుంటారు, అద్దం మాత్రం మీకు సత్యం జంక్షన్‌లో డివైడర్ మీద మొక్కల్నీ, ఎడమవైపు కొట్ల బోర్డుల్నీ చూపిస్తూ ఉంటుంది. తిప్పడం కాదు, జరపాలి. ఎందుకంటే మోచెయ్యి అద్దానికి రెండడుగుల దూరంలో ఉంది, వెనకొచ్చే లారీ వంద అడుగుల దూరంలో ఉంది. అద్దం నాలుగు సెంటీమీటర్లు బయటికి జరిగితే వంద అడుగుల దూరంలో ఉన్న లారీకి అదొక లెక్కే కాదు, అద్దంలో దాని చోటు అదే. రెండడుగుల దూరంలో ఉన్న మోచెయ్యి మాత్రం అంచుకి వెళ్ళిపోతుంది. ఇందులో ఇంతకు మించి మాయేం లేదు.

ఎక్స్‌టెన్షన్ అంటే హ్యాండిల్ మీద అద్దం బిగించే చోటుకీ అద్దం రాడ్‌కీ మధ్యలో పెట్టే ముక్క. ఒక రకం అద్దాన్ని పక్కకి జరుపుతుంది, ఒక రకం పైకి లేపుతుంది, కొన్ని రెండూ చేస్తాయి. ముందుండే ప్లాస్టిక్ కవచం, అంటే ఫెయిరింగ్ మీద అద్దాలున్న బళ్ళకైతే రెండు బోల్టుల దిమ్మ లాంటిది వేరే దొరుకుతుంది. నేను పెట్టించుకున్నది మామూలు నల్ల అల్యూమినియం ముక్క, మూడు నాలుగు సెంటీమీటర్లు పక్కకి, కాస్త పైకి. పెట్టమని అడిగినప్పుడు మా మెకానిక్ పానా చేత్తో పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటి సార్, కుర్రోళ్ళందరూ అద్దాలు పీకీమంటారు, మీరేటి పొడుగు చెయ్యమంటన్నారు?" అన్నాడు. వెనక సరిగ్గా కనిపించట్లేదు గురూ అంటే, "ఎనకాలోడు సూసుకుంటాడు కదేటండి" అని నవ్వాడు. పైన నేను ఒప్పందం అన్నది ఇదే. ఎంత మర్యాదగా, ఎంత నమ్మకంగా చెప్పాడో.

కొనేముందు మర, అంటే బోల్టు త్రెడ్, చూసుకోవాలి. మన దగ్గర ఎక్కువ మోటారు సైకిళ్ళకి 10 ఎంఎం బోల్టు, పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.25 ఎంఎం. కొన్ని స్కూటర్లకి 8 ఎంఎం. యమహా బళ్ళలో చాలావాటికి కుడి అద్దం మర రివర్స్, అంటే అందరూ విప్పే వైపు తిప్పితే బిగుస్తుంది. అదేదో వాళ్ళ చాదస్తం అనుకునేవాణ్ణి గానీ కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. కుడి అద్దం ఎదురుగా దేనికైనా తగిలితే దాని చివర వెనక్కి పోతుంది, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, అంటే మామూలు మర అయితే ఇంకా బిగుసుకుపోయి ఏదో ఒకటి విరగాలి. రివర్స్ మర అయితే వదులై తిరిగిపోతుంది. ఎడమ అద్దానికి మామూలు మరే ఆ పని చేస్తుంది. ఈ సంగతి తెలియకుండా కుడివైపు ఎక్స్‌టెన్షన్‌ని మామూలు మరతో బలవంతంగా ఎక్కిస్తే, బ్రేకు లివర్‌నీ అద్దాన్నీ హ్యాండిల్‌కి పట్టి ఉంచే లివర్ హోల్డర్‌లోని మర పోతుంది. అప్పుడు మార్చాల్సింది అద్దం కాదు, హోల్డరే.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది, ఉప్పు గాలి. లివర్ హోల్డర్ అల్యూమినియం, అద్దం రాడ్ ఇనుము. రెండు వేర్వేరు లోహాలు కలిసి ఉప్పు తేమలో ఉంటే వాటిలో ఒకటి తొందరగా తినేసుకుపోతుంది, ఇక్కడ అది అల్యూమినియం. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ వైపు బండి బయట పెట్టుకునేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, సైలెన్సర్ చూస్తేనే తెలుస్తుంది. నాలుగేళ్ళు ముట్టుకోని అద్దాన్ని ఒక్కసారి విప్పబోతే ఆ మర దగ్గర తెల్లటి పొడి, కింద ఎర్రటి తుప్పు, పానా వేసి గట్టిగా తిప్పితే కిర్రుమని సగం మర రాడ్‌తో పాటే ఊడొస్తుంది. మా వీధిలో ఒకాయన బండికి సరిగ్గా అలాగే అయింది, మెకానిక్ తన తప్పు లేదన్నాడు, ఆయన నీదే అన్నాడు, చివరికి క్లచ్ హోల్డర్ కొత్తది వేశారు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నానబెట్టి, మర్నాడు కూడా ఇంకొంచెం కొట్టి, అప్పుడు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు మరకి గ్రీజు రాయమని చెప్పండి, చెప్పకపోతే రాయరు. దగ్గరుండి రాయించండి.

ఇక వణుకు. ఎక్స్‌టెన్షన్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో న్యాయమైనది ఇదే. మన బళ్ళు ఎక్కువ సింగిల్ సిలిండర్, ఇంజను కొట్టుకునే ప్రతి దెబ్బా హ్యాండిల్ ద్వారా అద్దం దాకా వస్తుంది, రాడ్ పొడుగైన కొద్దీ, చివర బరువు పెరిగిన కొద్దీ అద్దం ఎక్కువ ఊగుతుంది. పాత బుల్లెట్ నడిపినవాళ్ళకి తెలుసు, అద్దంలో కనిపించేది బస్సా లారీయా అన్నది రంగును బట్టి ఊహించుకోవడమే. 2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త క్లాసిక్ 350లో ఇంజనుకి వణుకు తగ్గించే బ్యాలెన్సర్ పెట్టాక అద్దం కూడా బాగుపడింది. కాబట్టి బయటికి జరపడం మంచిదే కదా అని ఆరేడు సెంటీమీటర్లు, పైన ఇంకో ముక్క, దాని మీద ఇంకో ముక్క పెట్టించుకుంటే మోచెయ్యి లేని మసక దృశ్యం దొరుకుతుంది. అదేం లాభం? నా బండికి అరవై దగ్గర మసక కొంచెం పెరిగింది, యాభై దగ్గర తగ్గింది. ఇది విచిత్రం కాదు, ప్రతి రాడ్‌కీ అది ఎక్కువగా ఊగే వేగం ఒకటుంటుంది, పొడుగూ బరువూ మారితే ఆ వేగం కూడా మారుతుంది. మీరు రోజూ వెళ్ళే వేగం దగ్గర స్పష్టంగా ఉంటే చాలు. ప్లాస్టిక్ ముక్కలు కొనకండి, రెండు మూడు కీళ్ళున్నవి అసలే కొనకండి, ఎటు కావాలంటే అటు తిరుగుతుందని అమ్ముతారు, నిజమే, అది నడి రోడ్డు మీద తనంతట తనే తిరుగుతుంది. కింద లాక్ నట్టు మాత్రం వారం తర్వాత ఒకసారి బిగించాలి.

కుర్రాళ్ళ వాదన వేరు. అద్దాలుంటే బండి అంకుల్ బండిలా ఉంటుందని. దీనికి నా దగ్గర జవాబు లేదు, నా బండి అంకుల్ బండే. వాళ్ళలో కొంతమంది పీకేయరు, లోపలికి మడిచేస్తారు, పోలీసు కనిపిస్తే బయటికి తీస్తారు. అద్దం ఉండాలని చట్టం ఉంది, ఉన్న అద్దంలో రోడ్డు కనిపిస్తోందా అని మాత్రం ఏ జంక్షన్‌లోనూ ఎవరూ ఎక్కి కూర్చుని చూడరు. ఎక్స్‌టెన్షన్ పెడితే బండి మార్చినట్టు అవుతుందా అని కొందరు భయపడతారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వద్దనేది ఆర్సీలో రాసిన వివరాలు మారిపోయేలా కంపెనీ బండిని మార్చడం. ఆర్సీలో అద్దం రాడ్ పొడుగు ఎక్కడుంది చెప్పండి?

సందుల సంగతి మాత్రం నేను కొట్టిపారేయను. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ వచ్చినా కింద సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసిందే, రెండు కార్ల మధ్య హ్యాండిల్ పట్టేంత సందు దొరికితే అదే రాజమార్గం. అక్కడ చెరోవైపు నాలుగు సెంటీమీటర్లు పెరిగితే ఆ సందు మూసుకుపోతుంది. నిజం. పూర్ణా మార్కెట్ వైపు, కురుపాం మార్కెట్ వైపు రోజంతా తిరగాల్సిన వాళ్ళకి, డెలివరీ కుర్రాళ్ళకి, పక్కకి జరిపేది వద్దు, పైకి లేపేది పెట్టుకోమంటాను. చెయ్యి మీదుగా చూపిస్తుంది, పూర్తిగా కాకపోయినా చాలావరకు. కాకపోతే పెద్ద కార్ల అద్దాల ఎత్తుకి వెళ్ళకుండా చూసుకోవాలి. మిగతావాళ్ళకి, ముఖ్యంగా రోజూ హైవే మీదే వెళ్ళేవాళ్ళకి, ఆ పోయిన సందు పోనివ్వమంటాను. గురుద్వారా సిగ్నల్ దగ్గర ఇద్దరు ముందున్నవాళ్ళ వెనక ఆగితే పోయేది ఒక సిగ్నల్. షీలానగర్ దగ్గర పోర్టు లారీ వెనకుందని తెలియకుండా గుంత తప్పించడానికి కుడికి జరిగితే పోయేది వేరు.

హ్యాండిల్ చివర పెట్టుకునే గుండ్రటి బార్ ఎండ్ అద్దాలు అందంగా ఉంటాయి, కిందకి ఉంటాయి కాబట్టి చూడాలంటే కళ్ళు రోడ్డు మీదనుంచి పూర్తిగా దించాలి, వెడల్పూ బాగా పెరుగుతుంది. నాకు నచ్చలేదు. కార్ల అద్దం మూల అంటించే చిన్న గుండ్రటి అద్దాలు బండి వణుకులో దండగ.

బయటికి జరిపాక అద్దం సర్దుకోవడంలో ఒక కిటుకు ఉంది. మోచెయ్యి పూర్తిగా పోయేలా పెట్టకండి. లోపలి అంచులో చొక్కా చెయ్యి ఒక వేలెడు కనిపించాలి. అది కనిపిస్తుంటే ఈ దృశ్యంలో నేనెక్కడున్నానో, వెనక బండి నాకు సూటిగా ఉందా పక్క లైన్లో ఉందా అన్నది తెలుస్తుంది. ఏమీ లేకుండా ఖాళీ రోడ్డు మాత్రమే కనిపిస్తే అందాజు అందదు. వెనక ఎవరినైనా ఎక్కించుకుంటే బండి వెనక భాగం కుంగుతుంది, ముందు భాగం లేస్తుంది, హెడ్‌లైటు చెట్ల మీద పడుతుంది, అద్దాలు మాత్రం వెనక రోడ్డుని దగ్గరగా చూపించి దూరంగా వచ్చేవాటిని పై అంచు దాటించేస్తాయి. కాబట్టి రోజూ జంటగా వెళ్ళేవాళ్ళు జంటగా కూర్చునే సర్దుకోవాలి. ఇంటి ముందు ఒక్కరే కూర్చుని సర్దితే సింహాచలం రోడ్డెక్కాక పనికిరాదు.

అద్దం గాజు సంగతి కూడా. బండి అద్దాలు ఎక్కువగా కొంచెం ఉబ్బుగా ఉంటాయి, ఎక్కువ వెడల్పు చూపిస్తాయి, దానికి బదులుగా ప్రతిదాన్నీ చిన్నగా, దూరంగా ఉన్నట్టు చూపిస్తాయి. ఇది అందరికీ అలవాటే. ఇబ్బంది ఎక్కడంటే, బండి ఒకసారి పడ్డాక ఒక్క అద్దమే మార్చిస్తాం, షాపులో దొరికిన ఏదో ఒకటి, దాని ఉబ్బు వేరు, ఒక్కోసారి అసలు చదునుది. అప్పుడు అదే సిటీ బస్సు కుడి అద్దంలో ఊరవతల, ఎడమ అద్దంలో నెత్తి మీద ఉంటుంది. మెదడు ఏది నమ్మాలి? మార్చితే జత మార్చండి, ఖర్చు పెద్దదేం కాదు.

అద్దం ఎంత బాగున్నా తల తిప్పి చూడాల్సిందే అనే వాళ్ళున్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదు, పక్క లైన్లో సరిగ్గా మన తొడ దగ్గరున్నవాడు ఏ అద్దంలోనూ పడడు. కానీ తల తిప్పితే చాలు, అద్దంతో పనేంటి అనే వీరులున్నారే, వాళ్ళ కోసం ఒక లెక్క: అరవై వేగం మీద బండి సెకనుకి 16 మీటర్లకి పైగా పోతుంది. హనుమంతవాక దగ్గర ఆ వంపులో, ముందు ఆటో ఎప్పుడు ఎవరి కోసం ఆగుతుందో దేవుడికే తెలియని చోట, ఒక సెకను పూర్తిగా వెనక్కి తిరగడం అంటే 16 మీటర్లు గుడ్డిగా వెళ్ళడం. అద్దంలో ముందే చూసుకుని ఉంటే తలని భుజం దాకా తిప్పితే సరిపోతుంది, అర సెకను పని.

ఇక పార్కింగ్. జగదాంబ దగ్గర గానీ, ఆర్టీసీ కాంప్లెక్స్ స్టాండులో గానీ, బళ్ళని పెట్టేవాళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చేసి పెడతారు, మన అద్దం పక్క బండి బ్రేక్ వైరులో చిక్కుకుంటుంది, సాయంత్రం వచ్చేసరికి ఒకటి ఆకాశం వైపు, ఒకటి ట్యాంకు వైపు చూస్తుంటాయి. ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇది ఇంకా ఎక్కువ. అద్దానికి హెల్మెట్ తగిలించే అలవాటు కూడా మానుకోవాలి, ఆ బరువుకి కీలు వదులవుతుంది. బండి తీసి, స్టాండు తీసి, రెండూ సర్దుకుని కదలాలి. వెనకవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. కొట్టనివ్వండి.

అన్నీ చేశాక కూడా నా ఎడమ అద్దంలో వారానికి కొన్ని రోజులు ఏమీ కనిపించదు. మా ఆవిడ వెనక ఒకవైపుకి కూర్చుంటుంది, భుజానికి హ్యాండ్‌బ్యాగు, చేతిలో లంచ్ బ్యాగు, రైతు బజారుకి వెళ్ళి ఉంటే తోటకూర కట్టలు కూడా, అవి సరిగ్గా అద్దం చూసే దారిలోకి వస్తాయి. దీనికి ఏ షాపులోనూ ఎక్స్‌టెన్షన్ లేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకోమని అడిగాను. ముందుకి చూసి నడపండి అంది.